జాతీయ పక్షిని వేటాడనివ్వాలా? కెనడా గూస్‌కి ఒక న్యాయం, నెమలికి ఒక న్యాయం

2024 ఆగస్టులో రాజన్న సిరిసిల్ల జిల్లా తంగళ్లపల్లికి చెందిన ఒక యూట్యూబర్ సంప్రదాయ నెమలి కూర అంటూ వీడియో పెట్టాడు. వీడియో వైరల్ అయింది. పోలీసులు, అటవీ అధికారులు రంగంలోకి దిగారు. కేసు పెట్టి అతన్ని అరెస్టు చేశారు, కూర శాంపిల్‌ని ల్యాబ్‌కి పంపారు. టొరంటో, వాంకూవర్, కాల్గరీలో ఉన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కూడా దీని మీద పెద్ద చర్చే నడిచింది. ఎక్కువమంది మాట ఒక్కటే: జాతీయ పక్షిని వండుకు తింటాడా, తగిన శాస్తి జరిగింది.

ఇప్పుడు ఇంకో వీడియో ఊహించండి. ఆంటారియోలో ఒకాయన అక్టోబర్ నెల పొద్దున్నే పొలానికి వెళ్లి, కెనడా పేరునే పెట్టుకున్న పక్షిని తుపాకీతో కొట్టి, ఇంటికి తెచ్చి వండి, వీడియో పెట్టాడు. లైసెన్సులు ఉండి, సీజన్ నియమాలు పాటిస్తే ఆయన మీద ఏ కేసూ ఉండదు. అలాంటి వీడియోలు యూట్యూబ్‌లో వందల్లో ఉన్నాయి. ఆ పక్షి కెనడా గూస్. అది కూడా కేంద్ర చట్టం రక్షణలో ఉన్న పక్షే.

రెండు దేశాలూ పక్షుల్ని కాపాడుతున్నామనే అంటున్నాయి. ఒకటి మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు అంటుంది, ఇంకొకటి పర్మిట్ అమ్ముతుంది. ఎవరిది సరైన దారి? రక్షిత పక్షిని, అందులోనూ జాతికి గుర్తుగా నిలిచిన పక్షిని వేటాడటానికి ఎప్పుడైనా అనుమతి ఇవ్వొచ్చా? రెండు దేశాలతోనూ అనుబంధం ఉన్న మనం కాస్త తీరిగ్గా ఆలోచించాల్సిన ప్రశ్న ఇది.

కెనడాకి జాతీయ పక్షి ఉందా?

ముందు ఒక స్పష్టత. కెనడాకి అధికారిక జాతీయ పక్షి లేదు. కెనడియన్ జియోగ్రాఫిక్ పత్రిక పెట్టిన ఆన్‌లైన్ పోల్‌లో డాలర్ నాణెం మీద 1987 నుంచి కనిపిస్తున్న లూన్ మొదటి స్థానంలో నిలిచింది. కానీ 2016 నవంబర్‌లో రాయల్ కెనడియన్ జియోగ్రాఫికల్ సొసైటీ మూడో స్థానంలో ఉన్న గ్రే జే పేరును సిఫార్సు చేసింది. చలికాలంలో కూడా దేశం వదలని పక్షి అని ఒక కారణం. ప్రభుత్వం మాత్రం ఆ సిఫార్సును అధికారికం చేయలేదు. 2018లో ఆ పక్షికి పాత పేరు 'కెనడా జే' తిరిగి వచ్చింది.

ప్రపంచానికి మాత్రం కెనడా అంటే గుర్తొచ్చే పక్షి గూసే. మన పిల్లల సాకర్ గ్రౌండ్ మొత్తం పాడుచేసేదీ, ఏప్రిల్‌లో ఆఫీసు పార్కింగ్ లాట్‌లో గూడు పెట్టుకుని దగ్గరికి వస్తే బుసకొట్టేదీ అదే. అందుకే ఇక్కడ నెమలితో పోల్చడానికి గూస్‌ని మించిన పక్షి లేదు.

1916లో మొదలైన కథ

ఉత్తర అమెరికా పక్షి చట్టాలు భయంలోంచి పుట్టాయి. ఒకప్పుడు ఆకాశాన్ని కమ్మేసేంత గుంపులుగా ఎగిరిన ప్యాసెంజర్ పావురాన్ని మార్కెట్ కోసం వేటాడి వేటాడి పూర్తిగా తుడిచిపెట్టారు. ఆ జాతిలో చివరి పావురం 1914 సెప్టెంబర్‌లో సిన్సినాటి జూలో చనిపోయింది. రెండేళ్లకి, 1916 ఆగస్టులో, అమెరికాకీ, కెనడా తరఫున బ్రిటన్‌కీ మధ్య వలస పక్షుల ఒప్పందం కుదిరింది. 1917లో కెనడా చట్టం చేసింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 1994 చట్టం.

ఈ ఒప్పందం పక్షుల్ని రెండు రకాలుగా విడదీసింది. కొన్నిటిని అసలు వేటాడకూడదు. బాతులు, గూస్‌ల వంటి వాటిని వేటాడొచ్చు, కానీ మార్చి 10 నుంచి సెప్టెంబర్ 1 వరకు పూర్తిగా బంద్. గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచే కాలం అది. మిగతా కాలంలో కూడా వేట సీజన్ 107 రోజులకి మించకూడదు. రోజుకు ఎన్ని కొట్టొచ్చు, ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చు అనేది ప్రభుత్వం నిర్ణయిస్తుంది.

అంటే కెనడా దృష్టిలో 'రక్షణ' అన్న మాటకి 'ఎవరూ ముట్టుకోకూడదు' అని అర్థం కాదు. 'లెక్క లేకుండా ముట్టుకోకూడదు' అని అర్థం.

ఆ లెక్క పనిచేసిందా? గూస్ విషయంలో పనిచేసింది. జయంట్ కెనడా గూస్ అనే పెద్ద రకం అంతరించిపోయిందని 1950ల్లో అనుకున్నారు. 1962లో మిన్నెసోటాలోని రోచెస్టర్‌లో ఒక చిన్న గుంపు బయటపడింది. ఆ తర్వాత దక్షిణ ఆంటారియోలో కూడా ఈ పక్షుల్ని పెంచి వదిలారు. ఇప్పుడు మనం చూస్తున్న గూస్‌లలో చాలావాటి కథ అదే. పోయిందనుకున్న పక్షి యాభై, అరవై ఏళ్లలో 'ఇక చాలు బాబోయ్' అనిపించే స్థాయికి వచ్చింది. వేటగాడు కొనే కేంద్ర పర్మిట్‌తో పాటు ఒక స్టాంపు కూడా కొనాలి. ఆ స్టాంపు డబ్బు వైల్డ్‌లైఫ్ హ్యాబిటాట్ కెనడా అనే సంస్థ ద్వారా చిత్తడి నేలల రక్షణ పనులకి వెళ్తుంది. సీసపు గుళ్ల వాడకాన్ని కూడా 1999 నుంచి వలస పక్షుల వేటలో దాదాపుగా నిషేధించారు. 2022లో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం కొట్టిన పక్షి మాంసాన్ని పారేసి పోవడం కూడా నేరమే.

ఒక బాతు, ఒక సుప్రీంకోర్టు తీర్పు

ఇంతవరకు వింటే కెనడా పద్ధతి చాలా చక్కగా ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ ఈ చట్టం నాణేనికి రెండో వైపు కూడా ఉంది.

మార్చి నుంచి సెప్టెంబర్ దాకా బంద్ అన్నారు కదా. దక్షిణాన ఉండే వేటగాడికి ఇబ్బంది లేదు, పక్షులు శరదృతువులో అతని మీదుగానే వెళ్తాయి. ఉత్తరాన జేమ్స్ బే తీరంలో ఉండే క్రీ ప్రజలకి గూస్‌లు వచ్చేదే వసంతంలో. చలికాలమంతా గడిచాక దొరికే తాజా మాంసం అది. వాళ్ల పిల్లలకి ఆ రోజుల్లో ఇప్పటికీ బడికి 'గూస్ బ్రేక్' సెలవులు ఇస్తారు. ఆ ఒప్పందం రాసినప్పుడు వాళ్లని అడిగినవాళ్లు లేరు. ఒక్క సంతకంతో తరతరాల తిండి నేరమైపోయింది.

1962లో నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో మైఖేల్ సికియా అనే ఆదివాసీ తిండి కోసం ఒకే ఒక మల్లార్డ్ బాతును కొట్టాడు. కేసు పెట్టారు. 1921 నాటి 11వ నంబర్ ట్రీటీ వేట హక్కు ఇచ్చింది కాబట్టి తప్పు లేదని అక్కడి జడ్జి విడుదల చేశారు. పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 1964లో కెనడా సుప్రీంకోర్టు కూడా శిక్షనే సమర్థించింది. ఒక్క బాతు కోసం దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా నడిచిన కేసు ఇది.

తర్వాత కాలం మారింది. 1982 రాజ్యాంగ చట్టంలోని 35వ సెక్షన్ ఆదివాసీ హక్కులకి గుర్తింపు ఇచ్చింది. 1990లో స్పారో కేసులో సుప్రీంకోర్టు ఒక వరుస చెప్పింది: మొదట జాతి సంరక్షణ, ఆ తర్వాత ఆదివాసీల ఆహార అవసరం, మిగతా వాళ్లందరూ ఆ తర్వాతే. ఆ కేసు చేపల మీద వచ్చినా ఆ సూత్రం పక్షులకీ దారి చూపింది. 1995లో వాషింగ్టన్‌లో ఒప్పందానికి సవరణ సంతకమై, 1999లో అమల్లోకి వచ్చింది. వసంతంలో వేటాడే ఆదివాసీ హక్కుకి అప్పుడు గుర్తింపు దక్కింది. తప్పు దిద్దుకోవడానికి ఎనభై ఏళ్లు పట్టిందన్నమాట.

పక్షి చట్టం అనగానే మనం పక్షినే చూస్తాం. ఆ పక్షి ఎవరి కంచంలో అన్నం అన్నది కూడా చూడాలని సికియా కేసు చెబుతుంది.

మన చట్టం ఏమంటుంది?

ఇప్పుడు నెమలి దగ్గరికి వద్దాం. 1963లో జాతీయ పక్షి అయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే పులితో సమానమైన రక్షణ. 2022 సవరణ తర్వాత ఈ షెడ్యూల్‌లోని జంతువును వేటాడితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా.

మినహాయింపులే లేవా? ఉన్నాయి, కానీ చాలా ఇరుకైనవి. 11వ సెక్షన్ ప్రకారం మొదటి షెడ్యూల్ జంతువు మనుషుల ప్రాణానికి ప్రమాదకరంగా మారినా, కోలుకోలేని జబ్బో గాయమో అయినా, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కారణాలు రాసి మరీ వేటకి అనుమతించవచ్చు. మిగతా షెడ్యూల్ జంతువులకి అయితే పంట నష్టం కూడా కారణంగా సరిపోతుంది. తెలంగాణలో అడవిపందుల్ని షూటర్లతో చంపించడానికి అనుమతులు వచ్చింది ఈ దారిలోనే. నెమలికి ఆ దారి మూసి ఉంది. నెమలి వల్ల మనిషి ప్రాణానికి ప్రమాదం ఎలాగూ ఉండదు. కాబట్టి అది ఎన్ని ఎకరాల పంట తిన్నా చట్టం ప్రకారం రైతు చేతులు కట్టేసినట్టే.

2016లో గోవా వ్యవసాయ మంత్రి ఒకరు కోతులు, అడవిపందులతో పాటు నెమలిని కూడా పంటలకి బెడద కలిగించే జంతువుల జాబితాలో చేర్చే ఆలోచన ఉందన్నారు. దేశమంతా గగ్గోలు లేచింది. జాతీయ పక్షిని బెడద అంటారా అని అందరూ మండిపడ్డారు. అసలు పంట నష్టం ఎంత, పరిహారం ఎంత అని అడిగినవాళ్లు తక్కువ.

ఆ మంత్రి మాటలో కొంత నిజం లేకపోలేదు. 2023లో వచ్చిన భారతీయ పక్షుల స్థితి నివేదిక ప్రకారం నెమళ్లు బాగా పెరుగుతున్నాయి. ఒకప్పుడు కేరళలో అరుదుగా కనిపించే ఈ పక్షి ఇప్పుడు అక్కడ అన్ని జిల్లాల్లోనూ ఉంది. అదే నివేదికలో తగ్గిపోతున్న పక్షుల్లో మన పాలపిట్ట ఉంది. తెలంగాణ రాష్ట్ర పక్షి, 2018 వరకు ఆంధ్రప్రదేశ్‌కి కూడా రాష్ట్ర పక్షి. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమని దాన్ని పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి డబ్బులు తీసుకుని చూపించేవాళ్లు ఉన్నారు. చట్టప్రకారం అదీ నేరమే. నెమలి కూర వీడియోకి వచ్చిన కోపంలో పదో వంతు కూడా ఆ పంజరాల మీద రాదు. పక్షికి హాని చేయడానికి ద్వేషమే అక్కర్లేదు, భక్తి కూడా సరిపోతుంది.

ఇక ఆదివాసీల సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం భూమి, అటవీ ఉత్పత్తుల మీద ఎన్నో హక్కులు ఇచ్చింది కానీ వేట హక్కును స్పష్టంగా మినహాయించింది. నికోబార్ దీవుల ఆదివాసీలకి మాత్రం 1972 చట్టంలోనే మినహాయింపు ఉంది. నల్లమల చెంచుకి ఆ మినహాయింపు లేదు. కెనడా ఎనభై ఏళ్ల తర్వాతైనా ఎదుర్కొన్న ప్రశ్నను మనం ఇంకా సరిగ్గా అడగనైనా లేదు.

వేట అన్నిటికీ మందా?

ఇంత చెప్పాక, కెనడాలాగా లైసెన్సులు ఇచ్చేస్తే సరిపోతుంది కదా అనిపించవచ్చు. అక్కడే ఆగాలి. కెనడా అనుభవంలోనే దానికి సమాధానం ఉంది.

స్నో గూస్‌లు విపరీతంగా పెరిగి హడ్సన్ బే తీరంలో టండ్రా గడ్డిని వేళ్లతో సహా పీకి తినేస్తున్నాయని 1999 నుంచి వసంత వేటకి కూడా ప్రత్యేక అనుమతి ఇచ్చారు. వేటగాళ్లు లక్షల్లో కొట్టారు. అయినా అనుకున్నంతగా సంఖ్య తగ్గలేదు. దక్షిణాన పొలాల్లో రాలిన గింజలు పుష్కలంగా దొరుకుతుంటే తుపాకీ ఎంతని తగ్గించగలదు?

ఆంటారియో 2020లో కార్మొరెంట్ పక్షి వేటకి సీజన్ ప్రకటించింది. మొదటి ప్రతిపాదనలో రోజుకు 50 అన్నారు, మాంసం వాడకపోయినా పర్లేదన్నారు. విమర్శలు వచ్చాక రోజుకు 15కి తగ్గించారు, కొట్టిన పక్షిని తీసుకెళ్లాల్సిందే అన్నారు. సాధారణంగా ఎవరూ తినని పక్షి అది. చేపల్ని తినేస్తోందన్న కోపమే అసలు కారణం. వేట ఎందుకో స్పష్టంగా చెప్పలేనప్పుడు అది యాజమాన్యం అనిపించుకోదు, కక్ష అనిపించుకుంటుంది.

ఇక మన నెమలే కెనడాలో సమస్య అయిన సంగతి చాలామంది మర్చిపోయి ఉంటారు. 2018లో బీసీలోని సర్రేలో సలివన్ హైట్స్ కాలనీలో ఎప్పుడో ఒక ఫామ్ నుంచి బయటపడిన నెమళ్లు పదుల సంఖ్యలో పెరిగిపోయాయి. తెల్లవారుజామున అరుపులు, మెరిసే కార్ల మీద తమ నీడ చూసి పొడవడం. విసిగిపోయిన ఒక ఇంటాయన అవి కూర్చునే చెట్టును అనుమతి లేకుండా కొట్టించేసి సిటీ చేత జరిమానా వేయించుకున్నాడు. సర్రేలో నెమలి జాతీయ పక్షి కాదు, చట్టం దృష్టిలో తప్పిపోయిన పెంపుడు పక్షి. అయినా సిటీ తుపాకీ తీయలేదు. వాటికి మేత వేయడాన్ని ఆపించింది, బోనులు పెట్టి పట్టించి వేరే చోట్లకి పంపింది. ఓపికగా చేస్తే ఆ దారి పనిచేసింది.

మరి ఏం చేయాలి?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 'జాతీయ పక్షి కాబట్టి వేట వద్దు' అన్నది బలమైన వాదన కాదు. చిహ్నం అన్నది మనం పెట్టుకున్న పేరు, దానివల్ల పక్షి సంఖ్య పెరగదు, తగ్గదు. ఏ రక్షిత పక్షి విషయంలోనైనా అడగాల్సినవి మూడు ప్రశ్నలు. ఒకటి, ఎన్ని ఉన్నాయో, ఏటా ఎన్ని పోతున్నాయో నమ్మదగిన లెక్క ఉందా? రెండు, వేట ఎందుకు: తిండికా, పంట కోసమా, సరదాకా? మూడు, నియమాన్ని అమలు చేసే మనిషి ఊళ్లో ఉన్నాడా?

కెనడా గూస్ విషయంలో ఈ మూడింటికీ సమాధానం ఉంది. నెమలికి లేదు. ఉన్న అంచనాలు పక్షి ప్రేమికులు నమోదు చేసిన పరిశీలనల ఆధారంగా పెరుగుదల, తరుగుదల చెబుతాయి కానీ ఏ మండలంలో ఎన్ని ఉన్నాయో చెప్పవు. రాలిన ఈకల అమ్మకానికి దేశంలో అనుమతి ఉంది. రాలిన ఈక ఏదో, చంపి పీకిన ఈక ఏదో తేల్చడమే ఇప్పటికే తలనొప్పి. వేట కూడా చట్టబద్ధమైతే ఆ గీత పూర్తిగా చెరిగిపోతుంది. కాబట్టి ఈ రోజున్న పరిస్థితిలో నెమలి వేటకి లైసెన్సు ఇవ్వకూడదు.

కానీ తలుపు మూసేసి రైతును బయట నిలబెట్టడం కూడా న్యాయం కాదు. పరిహారం రాని రైతు కోర్టుకి వెళ్లడు, గింజలకి పురుగుమందు కలుపుతాడు. విషం తిని నెమళ్లు చనిపోయిన వార్తలు మనం తరచూ చూస్తూనే ఉన్నాం. విషానికి సీజన్ లేదు, లెక్క లేదు, అది నెమలితో ఆగదు కూడా. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 12వ సెక్షన్ ప్రకారం కేంద్రం ముందస్తు అనుమతితో చంపకుండా సంఖ్యను అదుపు చేయవచ్చు, వేరే చోటికి తరలించవచ్చు. ఆ దారిని వాడాలి. దానితో పాటు నెమలి వల్ల జరిగిన పంట నష్టానికి ఆ సీజన్‌లోనే పరిహారం అందాలి. అడవిని నమ్ముకుని బతికే సమాజాల వేట హక్కు గురించి, అంతరించే ప్రమాదం లేని జీవుల వరకైనా, వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడాలి.

ఊరు పక్షిని తనదనుకుంటే ఏమవుతుందో మన దగ్గరే ఉదాహరణలున్నాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి ఏటా పెలికాన్‌లు, పెయింటెడ్ స్టార్క్‌లు వచ్చి చెట్ల మీద గూళ్లు పెడతాయి. అవి వస్తే ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం. జైలు భయం కంటే ఆ నమ్మకమే ఆ పక్షుల్ని ఎక్కువగా కాపాడింది.

ఇక్కడ ఉన్న మనకి

కొత్తగా వచ్చినవాళ్లు కొన్ని విషయాలు గుర్తుపెట్టుకోవాలి. పార్కులో గూస్‌లు ఎన్ని ఉన్నా, గూటిని కదిపినా, గుడ్లు తీసినా పర్మిట్ లేకపోతే కేంద్ర చట్టం ప్రకారం నేరం. సిటీ వాళ్లు గుడ్లకి నూనె రాసి పొదగకుండా చేసేది కూడా పర్మిట్ తీసుకునే. మేత వేయడాన్ని చాలా సిటీల్లో బైలా ద్వారా నిషేధించారు. వేట మీద ఆసక్తి ఉన్నవాళ్లకి తుపాకీ లైసెన్సు, ప్రావిన్స్ నియమాల ప్రకారం వేట అనుమతి, పైన కేంద్ర పర్మిట్, స్టాంపు అన్నీ ఉండాలి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు కృష్ణుడి బొమ్మకి పెడదామని నెమలి పింఛాలు సూట్‌కేసులో పెట్టుకోకండి. దేశం లోపల రాలిన ఈకలు కొనుక్కోవచ్చు కానీ ఎగుమతి నిషిద్ధం.

ఇంకో మాట. సిరిసిల్ల వీడియో చూసి మనకి కోపం రావడం సహజం. అదే వీకెండ్‌లో పక్కింటి కెనడియన్ గూస్ బ్రెస్ట్ స్మోక్ చేసి ఇచ్చిన ప్లేటు అందుకుంటే మనకి ఏ ఇబ్బందీ అనిపించదు. ఈ రెంటిలో తేడా ఏమిటని ఇంట్లో పిల్లలు అడిగితే 'అది మన జాతీయ పక్షి' అని ఊరుకోకండి. ఒకచోట లెక్క ఉంది, ఇంకోచోట ఇంకా లేదు అని చెప్పండి. ఆ లెక్క తయారయ్యే దాకా నెమలిని వదిలేయాలి, రైతును మాత్రం వదిలేయకూడదు.